టీవీని స్టీరియోకి కలిపాక మాట తేటగా వినిపించాలంటే: వరసగా చేయాల్సిన పనులు

"పాటలైతే ఇల్లు అదిరిపోతాంది, మనిషి మాట్లాడితే ఏమంటన్నాడో అర్థం కావటంలా." టీవీని ఇంట్లో ఉన్న స్టీరియో సెట్టుకి కలిపినవాళ్లు నెల్లూరు నుంచి అడిగినా, ఒంగోలు నుంచి అడిగినా ఇదే అడుగుతున్నారు. సెట్టు కొత్తదైనా, అటక మీంచి దించిన పాత డెక్కైనా, అసెంబుల్డ్ ఆంప్ (యాంప్లిఫయర్) అయినా గోడు మాత్రం ఒక్కటే.

ఇలాంటప్పుడు అందరి చెయ్యీ ముందు పోయేది ట్రెబుల్ నాబ్ మీదికి, లేదంటే వాల్యూమ్ మీదికి. ఆ రెండూ ఆఖర్న ముట్టుకోవాల్సినవి. మాట పోయేది నాబ్ దగ్గర కాదు. అంతకంటే ముందే టీవీ మెనూలోనో, వైరు చివరో, షోకేసు అరలోనో పోతుంది. అక్కడ పోయినది నాబ్ ఎంత తిప్పినా వెనక్కి రాదు. అందుకే ముందు సిగ్నల్, తర్వాత వైర్లు, స్పీకర్ బాక్సుల చోటు, గది, అన్నీ అయ్యాక నాబ్‌లు. ఈ వరస తప్పించకండి.

## 1. మొదలుపెట్టే ముందు

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఆంప్ రిమోట్లు
- టీవీ వెనక సాకెట్ల మీద రాసింది చదవడానికి టార్చి
- కొలత టేపు, చిన్న స్క్రూడ్రైవర్
- మెత్తటి గుడ్డ, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే
- సోఫాలో కూర్చుని విని చెప్పడానికి ఇంకో మనిషి

పరీక్షకి సినిమా పెట్టొద్దు, పాట అసలే వద్దు. వెనక సంగీతం లేని ఒక ప్రవచనం వీడియో గానీ, వార్తలు చదివే ఒక్క గొంతు గానీ ఎంచుకోండి. ప్రతి మార్పు తర్వాతా అదే రెండు నిమిషాల ముక్క, అదే వాల్యూమ్‌లో, అదే కుర్చీలో కూర్చుని వినాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. నాలుగు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అంతకన్నా తెలియదు.

ఇంకో సంగతి ముందే తేల్చుకోండి. మాట అర్థం కానిది ఇంట్లో అందరికా, తాతయ్యకో అమ్మమ్మకో మాత్రమేనా? వయసుతో ముందుగా తగ్గేది సన్నటి శబ్దాలు వినే శక్తి. "వినపడతాంది గానీ అర్థం కాలా" అని పెద్దవాళ్లు అనేది అందుకే. చెవిలో గుబిలి ఉన్నా ఇలాగే ఉంటుంది. ఒక్కరికే ఇబ్బందైతే ముందు చెవి డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. సెట్టు పని తర్వాత.

## 2. టీవీ నుంచి శబ్దం ఏ దారిలో వస్తోంది?

టీవీ వెనక మామూలుగా మూడు దారులుంటాయి: హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ తీగలోంచే ఆంప్‌కి పంపే సాకెట్), ఆప్టికల్, 3.5 మిల్లీమీటర్ల హెడ్‌ఫోన్ జాక్. నాలుగోది బ్లూటూత్.

ఆంప్‌కి ఏఆర్‌సీ ఉంటే అదే వాడండి, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ నడుస్తుంది. పాత ఆంప్‌కి ఎరుపు తెలుపు ఆర్‌సీఏ సాకెట్లే ఉంటాయి. దానికి నేను చెప్పేది ఆప్టికల్ దారే. ఆప్టికల్ శబ్దాన్ని ఆర్‌సీఏకి మార్చే చిన్న కన్వర్టర్ డబ్బా ఒకటి మధ్యలో పెట్టాలి. ఆప్టికల్ తీగలో పోయేది కరెంటు కాదు, వెలుతురు. కాబట్టి కేబుల్ కనెక్షన్ వల్ల వచ్చే 'గుయ్' మనే హమ్ ఆ దారిలో ఆంప్‌కి ఎక్కదు.

హెడ్‌ఫోన్ జాక్ కూడా పనికొస్తుంది. టీవీ వాల్యూమ్‌ని ముప్పాతిక దాకా పెంచి, వినే స్థాయిని ఆంప్ నాబ్‌తో సర్దుకోండి. తిరగేసి పెడితే 'స్‌స్‌' మనే హిస్ మాట మీదికి ఎక్కుతుంది.

ఇక్కడ ఒక వింత జబ్బు ఉంది. వీణ వినిపిస్తుంది, డోలు వినిపిస్తుంది, జనం చప్పట్లు వినిపిస్తాయి, మాట్లాడే మనిషి మాత్రం బావిలోంచి పిలిచినట్టు ఉంటాడు. ఇలా ఉంటే జాక్ పిన్ను చేత్తో గట్టిగా లోపలికి నొక్కి చూడండి. పిన్ను సగమే దిగితే ఎర్త్ అందదు. అప్పుడు ఎడమ, కుడి శబ్దాల్లో ఒకదాన్నుంచి ఇంకోటి తీసేయగా మిగిలిందే బాక్సుల్లోకి వస్తుంది. మాట రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి అది కొట్టుకుపోతుంది, పక్కల సంగీతం మిగులుతుంది. టీవీ గోడకి దగ్గరగా బిగించిన ఇళ్లలో పిన్ను గోడకి తగిలి ఇలా సగంలో ఆగిపోతుంది. ఎల్ ఆకారంలో వంగిన పిన్ను కొంటే సరి.

ఆంప్ వెనక ఆక్స్, సీడీ, టేప్, ట్యూనర్ అని ఉన్న దేంట్లో గుచ్చినా పర్లేదు. ఫోనో అని ఉన్నదాంట్లో మాత్రం వద్దు. అది రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్ కోసం పెట్టింది. దాంట్లో టీవీ గుచ్చితే బాస్ ఉబ్బి, మాట చిరిగిపోతుంది.

## 3. టీవీ మెనూలో సర్దాల్సినవి

సగం ఇళ్లలో సమస్య ఇక్కడే తీరిపోతుంది. మిగతావి చదివే ఓపిక లేకపోయినా ఈ భాగం మాత్రం వదలొద్దు.

సౌండ్ సెట్టింగ్స్‌లో 'డిజిటల్ ఆడియో అవుట్‌పుట్' దగ్గర ఆటో, డాల్బీ, పాస్‌త్రూ, పీసీఎం అని ఉంటాయి. రెండు బాక్సుల స్టీరియోకి పీసీఎం, అంటే కుదించని మామూలు శబ్దం, పెట్టండి. డాల్బీ పెడితే మామూలు కన్వర్టర్ దాన్ని విప్పలేదు. శబ్దమే రాదు, లేదా కరకరమని చప్పుడొస్తుంది.

తర్వాత మాట ఎందుకు మునుగుతోందో చూద్దాం. 5.1 శబ్దం అంటే ఐదు స్పీకర్లకి, బాస్ కోసం ఒక సబ్‌వూఫర్‌కి విడివిడిగా చేసిన శబ్దం. అందులో మాటలకి వేరే దారి ఉంటుంది. డైలాగులో ఎక్కువ భాగం మధ్య స్పీకరుకే పోతుంది. మీ ఇంట్లో ఆ మధ్య స్పీకరు లేదు. అందుకని టీవీ ఆ మాటను మామూలుగా 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమ, కుడి రెండింట్లో కలుపుతుంది. అవే రెండు బాక్సుల్లోకి సంగీతం, వాన, కత్తుల చప్పుడు, వెనక స్పీకర్ల శబ్దం అన్నీ వచ్చి పడతాయి. ఇంతమందిలో మాట నలిగిపోతుంది.

కాబట్టి వీలున్నచోట అసలు 5.1 తీసుకోకండి:

- ఓటీటీలో సినిమా మొదలయ్యాక ఆడియో జాబితా తెరవండి. 'తెలుగు', 'తెలుగు 5.1' అని రెండూ ఉంటే 5.1 లేనిది పెట్టి వినండి. తేటగా ఉన్నదే ఉంచుకోండి.
- సెట్‌టాప్ బాక్స్‌కి తన సొంత ఆడియో మెనూ వేరే ఉంటుంది. అందులో కూడా స్టీరియో లేదా పీసీఎం పెట్టండి. టీవీలో మార్చి బాక్స్‌లో మర్చిపోయేవాళ్లే ఎక్కువ.
- వర్చువల్ సరౌండ్, 3డీ సౌండ్ లాంటివన్నీ ఆఫ్. ఇవి మధ్యలో నిలవాల్సిన గొంతును పక్కలకి పరుస్తాయి.
- 'నైట్ మోడ్', 'ఆటో వాల్యూమ్', 'వాల్యూమ్ లెవెలింగ్' ఏది ఉంటే అది ఆన్. ఫైట్ చప్పుడును అణిచి, గుసగుసను పైకి లేపేది ఇదే. సినిమా మజా కొంత తగ్గిందని కుర్రాళ్లు సణుగుతారు, సణగనివ్వండి.

'క్లియర్ వాయిస్' లాంటి మోడ్‌లు కూడా ఒకసారి వేసి చూడండి. చాలా టీవీల్లో అవి టీవీ సొంత స్పీకర్ల మీదే పనిచేస్తాయి, ఆప్టికల్ దారిలో పోయే శబ్దాన్ని ముట్టుకోవు. తేడా వినపడకపోతే సెట్టు పాడైందని అనుకోవద్దు.

స్టీరియో బదులు హోమ్ థియేటర్ రిసీవర్‌కి (5.1 శబ్దాన్ని విప్పి స్పీకర్లకి పంచే ఆంప్‌కి) రెండు బాక్సులే తగిలించి వాడుతున్నారా? రిసీవర్ స్పీకర్ సెటప్‌లో సెంటర్ (మధ్య స్పీకరు) దగ్గర 'నన్' లేదా 'నో' అని ఉండాలి. 'ఎస్' అని ఉంటే అది లేని స్పీకరుకి డైలాగంతా పంపిస్తూ కూర్చుంటుంది.

## 4. వైర్లు, బాక్సులు: లోపలి తనిఖీ

ఆంప్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకాకే వైర్లు ముట్టుకోండి.

ఎరుపు, నలుపు. ఆంప్ మీది ఎరుపు బాక్సు మీది ఎరుపుకే పోవాలి, నలుపు నలుపుకే. ఒక్క బాక్సుకి తారుమారైనా ఒక బాక్సులో అదిరే కోన్ ముందుకి వస్తున్నప్పుడు ఇంకోటి వెనక్కి పోతుంది. పాటలో బాస్ పలచబడుతుంది, ప్రవచనకర్త గొంతు గదంతా తిరుగుతుంది గానీ ఒకచోట నిలవదు. అనుమానముంటే ఒక్క బాక్సు దగ్గర మాత్రమే రెండు తీగలు మార్చి వినండి. గొంతు టీవీ మధ్యకొచ్చి కూర్చుంటే అదే సరైన తీరు.

ట్వీటర్ బతికుందా? చాలా పాత బాక్సుల్లో పైనుండే చిన్న స్పీకరు ఎప్పుడో కాలిపోయి ఉంటుంది, ఎవరికీ తెలియదు. పెళ్లికో, వినాయక చవితికో ఆంప్‌ని దాని శక్తికి మించి మోగించినప్పుడు ముందు పోయేది ట్వీటరే. క్యాలెండర్ అట్టను గొట్టంలా చుట్టి, ఒక చివర చెవికి, ఇంకో చివర ట్వీటర్ దగ్గర పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో వార్తలు వినండి. 'స', 'శ', 'చ' అక్షరాలు సన్నగా పలకాలి. ఏమీ రాకపోతే ట్వీటర్ గానీ, దానికున్న కెపాసిటర్ గానీ పోయినట్టు. మార్పించకుండా ముందుకి పోయినా లాభం లేదు.

ఎందుకంటే తెలుగులో అచ్చుల బలమంతా ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే ఉంటుంది (హెర్ట్జ్ అంకె పెరిగేకొద్దీ శబ్దం సన్నం). హల్లుల తేడా తెలిసేది అంతకంటే పైన, ముఖ్యంగా 2000 నుంచి 8000 మధ్య. 'పాలు', 'తాలు', 'కాలు' మూడింట్లోనూ 'ఆలు' గట్టిగానే వినిపిస్తుంది. మొదటి హల్లు ఏదో చెప్పేది ఆ పై శబ్దమే. ట్వీటర్ పోతే మూడూ ఒకటే.

తుప్పు. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి ఆర్‌సీఏ పిన్నుల మీద, స్పీకర్ తీగల రాగి మీద పచ్చటి పొర కడుతుంది. తీగ చివర అంగుళం ముక్క కోసేసి, కొత్త రాగి తేలేలా తోలు తీసి బిగించండి. పిన్నులు, సాకెట్లు కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి. వాల్యూమ్ నాబ్ తిప్పితే బరబరమంటే దాని సందులోకి కూడా కొంచెం కొట్టి, అటూ ఇటూ బాగా తిప్పి, ఆరాకే స్విచ్ వేయండి.

ఫోమ్ రింగు. పెద్ద కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ వేలు తగలగానే పొడిగా రాలుతుంటే బాస్‌తో పాటు మగ గొంతులు బొంగురుపోతాయి. రింగు మార్పిస్తే చాలు, బాక్సులు పారేయక్కర్లేదు.

## 5. బాక్సులు ఎక్కడ పెట్టాలి?

మన హాళ్లలో షోకేసు కట్టేటప్పుడు వడ్రంగి టీవీకి చోటిస్తాడు, బొమ్మలకి చోటిస్తాడు, స్పీకర్లకి మిగిలిన అర ఇస్తాడు. అర లోపలికి తోసి, ముందు అద్దం తలుపు, అద్దం ముందు పెళ్లి ఫోటో. ఇక మాట ఎలా వస్తుంది?

- అర తప్పదనుకుంటే బాక్సు ముఖం అర అంచుకి సమంగా, ఇంకా వీలైతే వేలెడు ముందుకి రావాలి. అద్దం తలుపు తీసేయండి.
- బాక్సుకి, అర పక్క చెక్కలకి మధ్య సందుల్లో పాత దుప్పటి ముక్కలు కూరితే 'గుంగుం' తగ్గుతుంది. వెనక గాలి రంధ్రమున్న బాక్సైతే ఆ రంధ్రం మూయొద్దు.
- కింద నాలుగు మూలలా పాత హవాయి చెప్పు ముక్కలు పెట్టండి. చెక్క అదరదు.
- ట్వీటర్ కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి రావాలి. పైన అరలో ఉంటే ముందుకి వంచండి, కింద ఉంటే పైకి ఎత్తి పెట్టండి.
- రెండు బాక్సుల మధ్య దూరం, ఒక్కో బాక్సు నుంచి మీ కుర్చీకి దూరం ఇంచుమించు సమానం. 8 అడుగుల దూరంలో కూర్చుంటే బాక్సుల మధ్య 7, 8 అడుగులు చాలు. హాలు ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెడితే మధ్యలో గొంతు నిలవదు.
- రెండింటినీ కొద్దిగా లోపలికి, మీ వైపు తిప్పండి.

సోఫా చివర కూర్చునేవాళ్లకి దగ్గరి బాక్సులోంచే అంతా వస్తున్నట్టుంటుంది. ముందు చెవికి చేరిన శబ్దం వైపే మనసు పోవడం సహజం. మాట సరిగా అందనివాళ్లను మధ్యలో కూర్చోబెట్టండి, కుర్రాళ్లు చివరికి పోతారు.

## 6. గది సంగతి

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ దేశాలు దాటి పోతుంది, మన ఇళ్లలోకి రాకుండా ఉంటుందా? నేల గ్రానైట్ లేదా టైల్స్, పైన శ్లాబు, టీవీ వెనక గోడకి కూడా మెరిసే పలకలు. చూడ్డానికి బాగుంటుంది. మాటకి మాత్రం ఇంతకంటే శత్రువు లేదు. ఒక అక్షరం గోడల మధ్య తిరుగుతుండగానే తర్వాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది.

హాలు మధ్య నిలబడి ఒక్క చప్పట కొట్టండి. 'టప్' అని ఆగితే మంచిదే. వెనకాల 'ట్రింగ్‌' మని సాగితే పని ఉంది.

ఖర్చు తక్కువ నుంచి మొదలుపెట్టండి:

- బాక్సులకీ సోఫాకీ మధ్య నేల మీద మందపాటి జంపఖానా. ముందు దీన్నే చేయండి, తేడా వెంటనే తెలుస్తుంది.
- కిటికీలకి పలచటి తెరలు కాకుండా కుచ్చులు ఎక్కువున్న బరువైన తెరలు.
- సోఫా వెనక ఖాళీ గోడ ఉంటే పుస్తకాల అర, లేదా దళసరి గుడ్డ వేలాడదీయడం.
- చెక్క సోఫా అయితే దూది పరుపులు, దిండ్లు.

గోడలకి గుడ్లట్టలు అతికించడం మాత్రం మానుకోండి. మాట గొంతు మీద వాటి ప్రభావం పెద్దగా ఉండదు, దుమ్ము పట్టడం ఖాయం.

ఇక ఫ్యాను, కూలరు. రోహిణి కార్తెలో కూలరు ఆపమని ఎవరికీ చెప్పలేం. కానీ దాన్ని టీవీ పక్కన కాకుండా, కిటికీ బయట స్టాండు మీద పెట్టి గాలి మాత్రమే లోపలికి వచ్చేలా చేయొచ్చు. ఫ్యాను 5 నుంచి 3కి తగ్గిస్తే వాల్యూమ్ పెంచకుండానే మాట పైకి తేలుతుంది. రొయ్యల గుంటల పక్కన ఇళ్లున్నవాళ్లు రాత్రంతా ఏరియేటర్ల మోత మధ్యే వింటారు కదా, ఆ వైపు కిటికీ ఒక్కటి మూసి చూడండి.

## 7. ఇప్పుడు నాబ్‌లు

వాల్యూమ్ తప్ప అన్నిటినీ ముందు మధ్యకి, అంటే సున్నాకి తెండి. లౌడ్‌నెస్ బటన్ ఆఫ్. బాస్ బూస్ట్ ఆఫ్.

1. బాస్ తగ్గించండి. ట్రెబుల్ పెంచడానికి ముందే ఇది. రెండు గీతలు తగ్గించి వినండి, ఇంకా గుంగుమంటే మరో గీత. లావు శబ్దం సన్నటి శబ్దాన్ని కప్పేస్తుంది, ఆ కప్పు తీస్తే చాలాసార్లు ట్రెబుల్ ముట్టుకోనక్కర్లేదు.
2. ట్రెబుల్ ఒక గీత. 'స' అక్షరం చెవిలో గుచ్చుకుంటే వెనక్కి రండి.
3. ఈక్వలైజర్ ఉంటే 100, 330, 1కె, 3.3కె, 10కె లాంటి అంకెలుంటాయి (1కె అంటే 1000 హెర్ట్జ్). 100, 330 కొంచెం కిందికి, 3.3కె రెండు మూడు డెసిబెల్స్ పైకి, 10కె అలాగే. నవ్వు మొహంలా రెండు చివర్లూ పైకి, మధ్య కిందికి పెట్టే అలవాటు పాటకి బాగుంటుంది, మాటకి పనికిరాదు.
4. సబ్‌వూఫర్ ఉంటే లెవెల్ బాగా తగ్గించి, క్రాసోవర్ (అది ఏ శబ్దం దాకా మోగాలో చెప్పే నాబ్) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉంచండి. 150 దాకా పోనిస్తే మగవాళ్ల గొంతు సోఫా మూలలోంచి వస్తుంది.

3.3కె కొంచెం లేపమనడానికి ఇంకో కారణం ఉంది. రెండు బాక్సుల మధ్య ఊహగా నిలిచే గొంతు ఒక్కో చెవికి రెండు బాక్సుల నుంచీ కొద్ది తేడాతో చేరుతుంది. ఆ తేడా వల్ల 2000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దం కొంత తరుగుతుంది. నిజమైన మధ్య స్పీకరుకి ఈ బాధ లేదు.

## 8. లక్షణం, మందు

- పెదవి ముందు, మాట వెనక: బ్లూటూత్ అయితే తీగకి మారండి. తీగే అయితే ఏవీ సింక్ లేదా ఆడియో డిలే సున్నాకి తెండి, పిక్చర్ గేమ్ మోడ్‌లో ఉంటే తీసేయండి.
- మాట ముందు, పెదవి వెనక: ఆడియో డిలే కొద్దికొద్దిగా పెంచండి.
- 'గుయ్' మనే మోత: సెట్‌టాప్ బాక్స్ నుంచి కేబుల్ వైరు పీకి చూడండి. మోత ఆగితే ఆప్టికల్‌కి మారండి. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచే చిట్కా ఎవరు చెప్పినా వినొద్దు, ప్రాణం మీదికొస్తుంది.
- ఒక ఛానల్లోనే బాగాలేదు: అది మీ సెట్టు తప్పు కాదు. ఆ ఛానల్ హెచ్‌డీ వెర్షన్ ఉంటే పెట్టి చూడండి.
- గొంతు ఒక పక్కకే లాగుతోంది: బ్యాలెన్స్ నాబ్, తర్వాత రెండు ఆర్‌సీఏ పిన్నులు. ఆంప్ దగ్గర ఎడమ కుడి పిన్నులు మార్చి గుచ్చితే గొంతు కూడా పక్క మారిందా? అయితే లోపం టీవీ వైపు లేదా తీగలో ఉంది. మారలేదా, ఆంప్ వైపు.
- వాల్యూమ్ పెంచితే మాట చిరుగుతోంది: హెడ్‌ఫోన్ దారైతే టీవీ వాల్యూమ్ కొంచెం తగ్గించండి. అప్పటికీ చిరిగితే ఆంప్ శక్తి చాలడంలేదు.

## 9. ఇవన్నీ చేశాక కూడా చాలకపోతే

సబ్‌టైటిల్స్ వేసుకోవడంలో నామోషీ ఏం లేదు. పెద్దవాళ్లకి వైర్‌లెస్ హెడ్‌ఫోన్ ఒకటి ఇస్తే ఇంటిల్లిపాదికీ శాంతి. టీవీలో హెడ్‌ఫోన్, స్పీకర్ రెండూ ఒకేసారి మోగే వీలుందో లేదో చూసుకుని కొనండి.

ఉన్న స్టీరియోకే మూడో స్పీకరును ఎడమ, కుడి తీగల్లోంచి లాగి టీవీ కింద పెట్టేస్తామని కొందరు మెకానిక్‌లు ముందుకొస్తారు. వద్దు. ఆంప్ మీద భారం పెరిగి వేడెక్కుతుంది, పైగా అందులోంచి వచ్చేది విడి డైలాగు కాదు, అదే కలగలుపు శబ్దం.

నిజంగా మధ్య స్పీకరు కావాలంటే రెండే దారులు: విడిగా సెంటర్ ఉన్న 3.1 సౌండ్‌బార్, లేదా రిసీవర్‌తో పాటు సెంటర్ స్పీకరు. కొట్లో బాస్ దంచే పాట పెట్టి చూపిస్తారు, వార్తలు పెట్టమని అడగండి. మీ పాత బాక్సులు బాగుంటే రిసీవర్ దారే నయం, అవే ఎడమ కుడి అవుతాయి. సెంటర్‌ను టీవీకి సరిగ్గా కింద, బల్ల అంచుకి జరిపి, ముఖం కొంచెం పైకెత్తి పెట్టండి. అప్పుడు టీవీలో పీసీఎం తీసేసి ఆటో లేదా పాస్‌త్రూ పెట్టాలి, రిసీవర్‌లో సెంటర్ 'ఎస్' చేయాలి. ఆ తర్వాత సెంటర్ లెవెల్ ఒక్కటే 2 డెసిబెల్స్ పెంచుకోవచ్చు.